బ్రిటన్ తూర్పు తీరం కాన్వాయ్‌ల మీద జర్మన్ విమానాల నిఘా (1940–41): రికార్డులు ఎక్కడ వెతకాలి?

బొగ్గుఓడ:

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తూర్పు తీరం వెంట నడిచిన బొగ్గు ఓడల మీద పెద్ద వ్యాసం ఒకటి రాస్తున్నాను. టైన్ నది రేవుల నుంచి లండన్ పవర్ స్టేషన్లకు, గ్యాస్ ఫ్యాక్టరీలకు బొగ్గు మోసిన చిన్న ఓడలు ఇవి. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 1939 సెప్టెంబర్‌లోనే, వీటిని కాన్వాయ్‌లుగా నడపడం మొదలుపెట్టారు. థేమ్స్ ముఖద్వారం దగ్గరి సౌతెండ్ నుంచి స్కాట్లండ్‌లోని మెథిల్‌కు వెళ్లేవి ఎఫ్‌ఎన్, అక్కడి నుంచి కిందికి దిగేవి ఎఫ్‌ఎస్. మైన్లు ఏరేసిన సన్నటి దారి, అటూ ఇటూ బోయాలు, ఆ మధ్యలోంచి రెండు వరుసల్లో ఓడలు. దారి ఇరుకు కాబట్టి కాన్వాయ్ మైళ్ల పొడవున సాగేది.

ఓడల వైపు సమాచారం బాగానే దొరికింది. ఇబ్బందల్లా ఆకాశం వైపే. ఏ ఇంగ్లీష్ కథనం తీసుకున్నా "పొద్దున ఒక జర్మన్ నిఘా విమానం కాన్వాయ్‌ని చూసింది, మధ్యాహ్నం బాంబర్లు వచ్చాయి" అన్న ధోరణిలో ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. ఏ విమానం, ఏ దళానిది, ఎన్నింటికి చూసింది, ఏమని కబురు పంపింది, ఆ కబురు ఎవరి చేతికి చేరింది, వాళ్లు దాన్ని ఏం చేశారు? ఒక్కదానికీ జవాబు ఉండదు. ఆ విమానంలో కూడా నలుగురు మనుషులు కూర్చుని ఓడలు లెక్కపెట్టారు కదా, వాళ్లు కింద ఏం చూశారో తెలియకుండా ఈ కథ సగమే చెప్పినట్టవుతుంది.

లుఫ్త్‌వాఫే (జర్మన్ వైమానిక దళం) కాగితాలన్నీ యుద్ధం చివర తగలబెట్టేశారని అంటారు, నిజంగా ఏమీ మిగల్లేదా? వాళ్లు తీసిన ఫొటోలు ఎక్కడున్నాయి, కదిలే ఓడలు వాటిలో దొరుకుతాయా? జర్మన్ డైరీల్లో స్థలం పేరుకు బదులు అక్షరాలు, అంకెలు ఉంటాయి, వాటిని మ్యాప్ మీద ఎలా పట్టుకోవాలి? జర్మన్ నాకు నిఘంటువు పక్కన పెట్టుకుంటే చదవగలిగేంత వచ్చు.


కీల్‌డైరీ:

మంచి పని పెట్టుకున్నారండీ. ముందు చేదు మాట చెప్పేస్తాను: లుఫ్త్‌వాఫే సొంత కాగితాల్లో అధిక భాగం 1945లో వాళ్ల చేతుల మీదుగానే బూడిదయ్యాయి. ఫ్రైబుర్గ్‌లోని జర్మన్ సైనిక ఆర్కైవ్‌లో ఆర్‌ఎల్ అనే వర్గం కింద మిగిలినవి ఉన్నాయి, అందులో ఆర్‌ఎల్ 10 అంటే ఎగిరే దళాల కాగితాలు. కానీ అవి ముక్కలు ముక్కలు. మీకు కావలసిన తేదీకి, కావలసిన స్క్వాడ్రన్‌కి ఫ్లైట్ రిపోర్టు చక్కగా దొరుకుతుందని ఆశ పెట్టుకుని బయల్దేరితే నిరాశే మిగులుతుంది.

అయితే నౌకాదళం కథ వేరు. జర్మన్ నేవీ తన ఆర్కైవ్ మొత్తాన్ని కోబుర్గ్ దగ్గర టాంబాఖ్ కోటకి తరలించింది, 1945 వసంతంలో అది దాదాపు చెక్కుచెదరకుండా మిత్రపక్షాల చేతికి చిక్కింది. లండన్‌కి తీసుకెళ్లి మైక్రోఫిల్మ్ చేశారు, తర్వాత అసలు కాగితాలు జర్మనీకి తిరిగి వెళ్లాయి. ఫిల్మ్ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో టి-1022 అనే సిరీస్‌గా ఉంది. ఫ్రైబుర్గ్‌లో ఆర్‌ఎమ్ అనే వర్గంలో అసలువి ఉన్నాయి, వాటిలో చాలా ఫైళ్లు ఇప్పుడు ఇన్వేనియో అనే వాళ్ల ఆన్‌లైన్ వ్యవస్థలో ఇంట్లోంచే చూడొచ్చు.

దీనికీ విమానాలకీ సంబంధం ఏమిటంటారా? ఓడల్ని చూసిన విమానం పంపిన కబురు నేవీకి కూడా చేరేది. దాన్ని వాళ్లు తమ డైరీలో ఎక్కించుకునేవాళ్లు. అంటే పంపినవాడి కాగితం కాలిపోయింది, అందుకున్నవాడి కాగితం బతికింది. లుఫ్త్‌వాఫే కళ్లతో చూసింది ఈ రోజు మనం చదవాలంటే ఎక్కువగా నేవీ డైరీల్లోంచే చదవాలి, నా సలహా మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మొదట తెరవాల్సింది నౌకాదళ యుద్ధ నిర్వహణ కార్యాలయం డైరీ, దాని మొదటి భాగం అచ్చులో కూడా వచ్చింది. 1939 సెప్టెంబర్ నుంచి 1945 ఏప్రిల్ దాకా నెలకో సంపుటం లెక్కన 68 సంపుటాలు. యుద్ధం తర్వాత అమెరికా నేవీ చేయించిన ఇంగ్లీష్ అనువాదం కూడా ఉంది కాబట్టి తేదీలు పట్టుకోవడానికి దాన్ని వాడండి, కానీ గంటలు, మ్యాప్ గళ్ల నంబర్లు, ఓడల సంఖ్య మాత్రం జర్మన్ పేజీలోంచే తీసుకోండి, అనువాదంలో అంకెలు తారుమారైతే మీకు తెలిసే దారి ఉండదు. ఆ డైరీ బెర్లిన్‌లో రాసింది, వడపోసి రాసింది. దానికి ఒక మెట్టు కిందకి దిగితే నౌకాదళ గ్రూప్ కమాండ్ల డైరీలు, ఇంకో మెట్టు దిగితే టార్పెడో పడవల (జర్మన్లకి ఎస్-బోట్లు, బ్రిటిష్ వాళ్లకి ఈ-బోట్లు) దళాల డైరీలు. కిందకి దిగేకొద్దీ వివరం పెరుగుతుంది. ఎస్-బోట్ దళం వాళ్లకి రాత్రి వేటకి వెళ్లే ముందు కాన్వాయ్ ఎక్కడుందో తెలియాలి కాబట్టి సాయంత్రం అందిన విమాన కబురు వాళ్లకి ప్రాణం లాంటిది, దాన్ని జాగ్రత్తగా రాసుకునేవాళ్లు. నార్ఫోక్ తీరానికి అవతలి సముద్రాన్ని బ్రిటిష్ నావికులు ఈ-బోట్ సందు అని పిలిచింది ఊరికే కాదు.

ఒక పక్కమాట. ఆ కాలంలో సముద్రం మీద ఎగిరే విమానాలు ఎవరి కింద ఉండాలన్నదాని మీద నేవీ అధిపతి రేడర్‌కీ లుఫ్త్‌వాఫే అధిపతి గోరింగ్‌కీ తెగని తగాదా. తీర విమాన దళాలు, అంటే హైంకెల్ 115, డోర్నియర్ 18 లాంటి సముద్ర విమానాలున్న దళాలు, మొదట్లో నేవీ ఆజ్ఞల మీద పనిచేసేవి, రానురాను గోరింగ్ ఒక్కొక్కటే లాగేసుకున్నాడు. ఈ తగాదా మీ పనికి మేలే చేసింది. నేవీ డైరీ రాసేవాళ్లు "ఈ రోజు నిఘా సరిపోలేదు" అన్న ఫిర్యాదుని కూడా వదలకుండా ఎక్కించారు.

ఏ దళం అన్నదానికి వస్తే, దూర నిఘాకి ప్రత్యేక గ్రూపులు ఉండేవి, పేరులో ఎఫ్ అక్షరం ఉంటుంది. ఎఫ్/122 కెసెల్రింగ్ రెండో ఎయిర్ ఫ్లీట్‌తో, ఎఫ్/123 స్పెర్లె మూడో ఎయిర్ ఫ్లీట్‌తో. నార్వే నుంచి ఐదో ఎయిర్ ఫ్లీట్ విమానాలు స్కాట్లండ్ వైపు వచ్చేవి. మీ ఓడలకి ఎదురుపడినవి ఎక్కువగా మొదటి గ్రూపువీ, తీర దళాలవీ అయ్యుంటాయి.


ఆకాశపటం:

ఫొటోల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే ఎక్కువ ఆశపడతారు.

జర్మన్ నిఘా విమానాల్లో వాడిన పెద్ద కెమెరాల్లో ఒకటి ఆర్‌బి 50/30. 50 అంటే లెన్స్ ఫోకల్ దూరం సెంటీమీటర్లలో, 30 అంటే ఫిల్మ్ ఫ్రేమ్ ఒక్కో వైపు కొలత. ఎనిమిది వేల మీటర్ల ఎత్తులోంచి ఈ కెమెరాతో నిట్టనిలువుగా తీస్తే స్కేలు 1:16,000 వస్తుంది. ఒక్క ఫ్రేములో కింద 4.8 కిలోమీటర్ల చదరం పడుతుంది. మీ బొగ్గు ఓడ పొడవు 75 మీటర్లు అనుకోండి, ఆ నెగటివ్ మీద అది అయిదు మిల్లీమీటర్ల కంటే కొంచెం తక్కువ. భూతద్దం పెడితే ముందు భాగం, వెనక భాగం, పొగగొట్టం నీడ, హాచ్‌ల వరుస వేరుగా తెలుస్తాయి. నీళ్లలో వెనక తెల్లటి గీత ఉంటే కదులుతోందని, లేకపోతే లంగరు వేసి ఉందని అర్థం. అదే 20 సెంటీమీటర్ల లెన్స్ అయితే ఓడ రెండు మిల్లీమీటర్లు కూడా రాదు, లెక్కపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇప్పుడు ఆలోచించండి. 4.8 కిలోమీటర్ల ఫ్రేము, మైళ్ల పొడవున్న కాన్వాయ్, పైన మబ్బు, ఏ క్షణాన స్పిట్‌ఫైర్ వస్తుందో తెలియదు. నడుస్తున్న కాన్వాయ్ మీద తిన్నగా ఎగిరి వరుసగా నిలువు ఫొటోలు తీసుకుంటూ కూర్చునే పరిస్థితి తీరం దగ్గర చాలా అరుదు. ఎక్కువ భాగం కంటితో చూసి, లెక్కపెట్టి, రేడియోలో చెప్పడమే. చేత్తో పట్టుకునే చిన్న కెమెరాతో ఏటవాలుగా ఒకటో రెండో తీసేవాళ్లు.

నిలువు ఫొటోలు తీసింది రేవులకి. థేమ్స్, హంబర్, టైన్, ఫోర్త్. ఇది మీకు తక్కువ విలువైనదేం కాదు, నిజానికి నా దృష్టిలో ఇదే అసలు నిఘా. సౌతెండ్ ముందు లంగరు వేసిన ఓడలు ఎన్ని ఉన్నాయో ఈ రోజు లెక్కపెట్టి, మళ్లీ రెండ్రోజులకి లెక్కపెడితే ఎన్ని బయల్దేరాయో సముద్రంలో వెతక్కుండానే తెలుస్తుంది. కాన్వాయ్ దారి ఎలాగూ మారదు, బోయాలు ఎక్కడున్నాయో అక్కడే.

దొరికే చోట్లు: అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 373, అందులో పట్టుబడిన జర్మన్ ఫొటోల్ని జీఎక్స్ అనే గుర్తుతో వెతకాలి. ఎడిన్‌బరోలోని ఎన్‌క్యాప్ అనే వైమానిక ఫొటోల ఆర్కైవ్‌లోనూ పట్టుబడిన జర్మన్ ఫొటోలు ఉన్నాయి. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో బాంబర్ల కోసం తయారు చేసిన టార్గెట్ ఫోల్డర్లు ఉన్నాయి, వాటి మీద జీబీ అన్న అక్షరాలు, ఒక నంబరు, ఫొటో తీసిన తేదీ ఉంటాయి. ఒక జాగ్రత్త, ఫోల్డర్ ముద్రించిన తేదీ, ఫొటో తీసిన తేదీ ఒకటి కావు, కొన్ని ఫొటోలు యుద్ధానికి ముందువి. రోవెల్ అనే ఆయన నడిపిన రహస్య దళం లుఫ్తాన్సా రంగులేసిన హైంకెల్ 111 విమానాలతో శాంతి కాలంలోనే బ్రిటన్ మీద ఫొటోలు తీసింది. అదే దళం 1940 వేసవి నుంచి యుంకర్స్ 86పి అనే విమానాన్ని సుమారు 12,000 మీటర్ల ఎత్తున నడిపింది, అప్పటి ఫైటర్లు అంత ఎత్తుకి అందుకోలేకపోయేవి.


నోర్‌కమాండ్:

ఇద్దరూ జర్మన్ వైపే చెప్పారు కాబట్టి నేను లండన్‌లో క్యూ దగ్గరున్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్ గురించి రాస్తాను. నా అభిప్రాయం కొంచెం తేడా: జర్మన్ డైరీతో మొదలుపెట్టొద్దు, బ్రిటిష్ కాగితంతో మొదలుపెట్టండి. ఎందుకంటే కాన్వాయ్ అసలు ఎక్కడుందో మీకు ముందు తెలిస్తేనే విమానం చెప్పింది ఎంత నిజమో తూచగలరు.

కాన్వాయ్ రిపోర్టులకి ఏడీఎం 199, ఏడీఎం 237. ఓడల కదలికల కార్డులకి బీటీ 389. ఏ రోజు ఏ కాన్వాయ్ బయల్దేరిందో చూడటానికి ఆర్నాల్డ్ హేగ్ కాన్వాయ్ డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉంది. ఆకాశం వైపు ఏఐఆర్ 27 స్క్వాడ్రన్ డైరీలు, ఏఐఆర్ 50 పైలట్ల పోరాట నివేదికలు. "కాన్వాయ్ పెట్రోల్" అని రోజుల తరబడి ఒకే మాట రాసుకుంటూ పోతారు, విసుగొస్తుంది, కానీ మధ్యలో హఠాత్తుగా ఒంటరి డోర్నియర్ తగిలిన రోజు వస్తుంది. ఆ పైలట్ నివేదికలో గంట, ఎత్తు, దిక్కు, మబ్బు ఎంత ఉంది, ఒక్కోసారి విమానం పక్కన రాసున్న అక్షరాలు కూడా ఉంటాయి.

ఆ విమానం కూలిందంటే మీ పని సులువవుతుంది. లుఫ్త్‌వాఫే క్వార్టర్‌మాస్టర్ జనరల్ విభాగం నష్టాల జాబితాలు మిగిలాయి. దళం పేరు, విమానం రకం, తయారీ నంబరు, సిబ్బంది పేర్లు, ఎంత శాతం దెబ్బతింది అన్నీ ఉంటాయి. 100 శాతం అంటే పూర్తిగా పోయినట్టు. సిబ్బంది ప్రాణాలతో చిక్కితే వాళ్లని ప్రశ్నించిన నివేదిక ఏఐఆర్ 40లోనో, డబ్ల్యూఓ 208లోనో ఉంటుంది. ఏ స్థావరం నుంచి లేచారు, ఏ పని మీద వచ్చారు అన్నది వాళ్ల నోటి నుంచే వస్తుంది. అబద్ధం చెప్పి ఉండొచ్చు కూడా, అందుకే నష్టాల జాబితాతో సరిచూసుకోండి.

ఈ జాబితా ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. 1940 జూలై 11 పొద్దున బ్రిటిష్ పైలట్ డగ్లస్ బేడర్ క్రోమర్ తీరానికి అవతల ఒక డోర్నియర్ 17ని కూల్చాడు. తీరం దగ్గర ఒంటరిగా తిరిగే డోర్నియర్ అనగానే ఓడల కోసం వచ్చిందనే అనుకుంటాం. అది వాతావరణ పరిశీలన దళం విమానం. మీ కాన్వాయ్ మీద తిరిగిన ప్రతి ఒంటరి విమానం కాన్వాయ్ కోసం రాలేదు. కొన్ని వాతావరణం కోసం, కొన్ని రేవు ఫొటో కోసం, కొన్ని "చూసి, దొరికితే బాంబు వెయ్యి" అన్న ఆజ్ఞతో. ఈ చివరి రకాన్ని వాళ్లు సాయుధ నిఘా అనేవాళ్లు, అందులో బాంబర్ దళాలే ఉంటాయి. 1940 ఫిబ్రవరి 3న విట్బీ దగ్గర పీటర్ టౌన్‌సెండ్ దళం కూల్చిన హైంకెల్ 111 బాంబర్ దళం కేజీ 26ది, అది ఓడల వేట మీదే వచ్చింది. ఇంగ్లండ్ నేల మీద ఆ యుద్ధంలో కూలిన మొదటి జర్మన్ విమానం అదే. నిఘా గ్రూపుల జాబితాలో మాత్రమే వెతికితే ఇలాంటివన్నీ జారిపోతాయి.

ఇంకొకటి, దీన్ని గోడకి అంటించుకోండి: గడియారం. జర్మనీ 1940 ఏప్రిల్ 1న వేసవి సమయంలోకి వెళ్లి 1942 నవంబర్ 2 దాకా, మధ్య చలికాలాల్లో కూడా, వెనక్కి రాలేదు, అంటే జీఎంటీ కంటే రెండు గంటలు ముందు. బ్రిటన్ 1940 ఫిబ్రవరి 25 నుంచి ఒక గంట ముందు, అదీ చలికాలంలో మార్చలేదు. 1941 మే 4 నుంచి ఆగస్టు 10 దాకా రెండు గంటలు ముందు. కాబట్టి 1940 జూలైలో జర్మన్ డైరీ 13.00 అంటే బ్రిటిష్ గడియారం 12.00. 1941 జూన్‌లో రెండూ ఒకటే. ఆగస్టు 10 దాటాక మళ్లీ గంట తేడా. పైగా బ్రిటిష్ నేవీ సందేశాల్లో అంకెల చివర జెడ్ ఉంటే జీఎంటీ, ఏ ఉంటే ఒక గంట ముందు, బీ ఉంటే రెండు గంటలు ముందు. ఈ అక్షరం నోట్సులో రాసుకోకపోతే, విమానం చూడకముందే బాంబర్లు వచ్చినట్టు లెక్క తేలుతుంది.


బొగ్గుఓడ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. డైరీల్లోని ఆ అక్షరాలు, అంకెల గ్రిడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో సందేహం, చూసిన విమానానికీ దాడికీ మధ్య లింకు ఉందని ఎలా నిరూపించాలి? పొద్దున చూశారు, మధ్యాహ్నం కొట్టారు, కాబట్టి అదే కారణం అనేస్తే సరిపోతుందా?


తీరపురాడార్:

సరిపోదండీ. ఇది చెప్పాలనే వచ్చాను.

1940 ఆగస్టు 7 రాత్రి, 8 పగలు ఇంగ్లిష్ ఛానెల్‌లో సీడబ్ల్యూ 9 అనే కాన్వాయ్‌కి జరిగింది చూడండి. సౌతెండ్ నుంచి బయల్దేరి, చీకట్లో డోవర్ జలసంధి దాటేస్తే పై నుంచి ఎవరూ చూడలేరని లెక్క వేసుకున్నారు. చూసింది విమానం కాదు. అవతలి ఒడ్డున విస్సాంట్ దగ్గర జర్మన్లు పెట్టిన ఫ్రేయా రాడార్ పట్టుకుంది. ఎస్-బోట్లు తెల్లవారేలోపే కాచుకుని మీద పడ్డాయి, తెల్లారాక స్టూకా డైవ్ బాంబర్లు వచ్చాయి. ఈ దాడిని విమాన నిఘా ఖాతాలో వేసేస్తే కథ మొత్తం తప్పుతుంది.

రెండోది బీ-డీన్స్ట్, జర్మన్ నేవీ రేడియో గూఢచార విభాగం. బ్రిటిష్ నేవీ కోడ్‌లు కొన్నింటిని, వాణిజ్య ఓడల కోడ్‌ని యుద్ధం మొదట్లో బాగానే చదివింది. డైరీలో కాన్వాయ్ గురించి వాక్యం కనిపించగానే అది విమానం చెప్పిందో, రేడియో చెప్పిందో, ఏజెంటు చెప్పాడో చూడండి, చాలాసార్లు ఆధారం పక్కనే రాస్తారు. రాయని చోట మీరు కూడా రాయకండి.

ఇక లింకు ఉన్న కేసు కావాలంటే 1940 జూలై 10. బ్రెడ్ అనే సంకేత నామంతో ఒక కాన్వాయ్ నార్త్ ఫోర్‌ల్యాండ్ మలుపు తిరుగుతుండగా ఫైటర్ల కాపలాతో వచ్చిన డోర్నియర్ 17 దాన్ని చూసింది. మాన్స్టన్ నుంచి 74 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు పైకి లేచి దానితో తలపడ్డాయి. అయినా కబురు చేరింది, మధ్యాహ్నం కేజీ 2 డోర్నియర్లు పెద్ద కాపలాతో వచ్చాయి. అంత గొడవ జరిగినా మునిగింది ఒక చిన్న ఓడ. ఇక్కడ వెతకాల్సింది ఆ మధ్య గంటలు. కబురు ఎన్నింటికి అందింది, దాడికి ఆజ్ఞ ఎన్నింటికి వెళ్లింది. నిఘా ఎంత పదునైందో ఆ రెండు గంటల మధ్య తేడాలోనే తెలుస్తుంది.


కీల్‌డైరీ:

గ్రిడ్ గురించి అడిగారు కదా. నేవీ గ్రిడ్‌లో ముందు రెండు అక్షరాలు ఒక పెద్ద సముద్ర భాగం. మీ ఉత్తర సముద్రం ఏఎన్, ఛానెల్ పశ్చిమ భాగం బీఎఫ్. తర్వాత నాలుగు అంకెలు. పెద్ద గడిని తొమ్మిదిగా, ఒక్కోదాన్ని మళ్లీ తొమ్మిదిగా, అలా చీల్చుకుంటూ పోతే నాలుగో అంకె దగ్గర గడి వైపు సుమారు ఆరు నాటికల్ మైళ్లు మిగులుతుంది. అంటే డైరీలో పూర్తి గడి నంబరు రాసినా కాన్వాయ్ ఆ ఆరు మైళ్ల చదరంలో ఎక్కడైనా ఉండొచ్చు. మైన్లు ఏరేసిన దారి అంతకంటే చాలా సన్నం కాబట్టి మీ కేసులో ఇది పెద్ద ఇబ్బంది కాదు, గడిలో దారి ఎక్కడ పడుతుందో అక్కడే కాన్వాయ్.

అసలు చిక్కు, లుఫ్త్‌వాఫే ఈ గ్రిడ్ వాడలేదు. వాళ్లది అక్షాంశ రేఖాంశాల మీద కట్టిన వేరే గ్రిడ్. విమానం ఒక భాషలో చెబితే నేవీ తన భాషలోకి మార్చుకుని రాసుకుంది. ఆ మార్పిడిలోనే పక్క గడిలోకి జారిన కబుర్లు ఉన్నాయి. విమానం తన స్థానం తనే తప్పుగా లెక్కగట్టి ఉండొచ్చు, అది వేరే. అందుకే నోర్‌కమాండ్ గారు చెప్పిన వరసే నయం అని ఒప్పుకుంటాను, ముందు బ్రిటిష్ వైపు నుంచి కాన్వాయ్ నిజంగా ఎక్కడుందో గీసుకోండి, ఆ మీద జర్మన్ గడి పెట్టండి. తేడా ఎటువైపు ఎంత అన్నదే మీ వ్యాసానికి కొత్త విషయం అవుతుంది, ఇంతవరకు ఎవరూ దాన్ని మీ తీరానికి ఓపిగ్గా చేసినట్టు నేను చూడలేదు.

పని ఎలా మొదలుపెట్టాలంటే, 1940–41 మొత్తం మీద పడొద్దు. దాడి జరిగిన ఒక్క కాన్వాయ్ తీసుకోండి, దాడి జరగని ఒక్క కాన్వాయ్ తీసుకోండి, రెండూ ఒకే వారంలోవి, వాతావరణం దగ్గరదగ్గరగా ఉన్నవి. రెండింటికీ ఒకే పట్టిక. చూసిన గంట, కబురు పంపిన గంట, డైరీలోకి ఎక్కిన గంట, అన్నీ జీఎంటీలో. చెప్పిన ఓడల సంఖ్య, అసలు సంఖ్య. చెప్పిన టన్నులు, అసలు టన్నులు. టన్నుల విషయంలో పెద్ద తేడాలు చూస్తారు, వెయ్యి, రెండు వేల టన్నుల బొగ్గు ఓడ పై నుంచి చూసేవాడికి చాలా పెద్దదిగా కనిపించింది.


బొగ్గుఓడ:

ఇలాగే చేస్తాను. 1941 ఫిబ్రవరి, మార్చి నెలలు పెట్టుకుంటాను, ఆ రెండు నెలలు ఎస్-బోట్లు కూడా చురుగ్గా ఉన్నాయి. ఆఖరి ప్రశ్న. దాడి జరగని కాన్వాయ్ రోజున జర్మన్ డైరీలో ఏ కబురూ లేకపోతే, ఆ రోజు విమానమే రాలేదని రాయొచ్చా?


నోర్‌కమాండ్:

రాయొద్దు. డైరీలో లేదంటే ఆ డైరీ రాసినవాళ్లకి చేరలేదని మాత్రమే అర్థం. విమానం వచ్చి ఉండొచ్చు, పొగమంచులో చూసి ఉండకపోవచ్చు, చూసి చెప్పేలోపు కూలి ఉండొచ్చు, లుఫ్త్‌వాఫే తన దగ్గరే ఉంచుకుని నేవీకి ఆలస్యంగా ఇచ్చి ఉండొచ్చు.

దీనికి బ్రిటిష్ వినికిడి కేంద్రాల కాగితాలు చూడాలి. స్టాఫర్డ్‌షైర్‌లోని చీడిల్‌లో ఆర్‌ఏఎఫ్ వాళ్లు లుఫ్త్‌వాఫే మోర్స్ సంకేతాలు పగలూ రాత్రీ వినేవాళ్లు. నిఘా విమానాలు వాడిన చిన్న కోడ్‌లు పెద్ద కష్టం లేకుండా విప్పేవాళ్లు, పిలుపు గుర్తుల్ని బట్టి ఏ దళం ఎగురుతోందో చెప్పగలిగేవాళ్లు. జర్మన్ల సంకేత యంత్రం ఎనిగ్మాలో రెడ్ అనే లుఫ్త్‌వాఫే తాళాన్ని బ్రిటిష్ కోడ్ విప్పే కేంద్రం బ్లెచ్‌లీలో 1940 మే చివరి నుంచి దాదాపు రోజూ చదివారు, ఆ రిపోర్టులు హెచ్‌డబ్ల్యూ 5లో ఉన్నాయి. అయితే నేల మీద టెలిఫోన్ తీగల్లో పోయిన ఆజ్ఞలు వీటిలో ఉండవు, రేడియోలో పంపిన మాట మాత్రమే ఉంటుంది. విమానం గాలిలోంచి పంపిన మాట పైన చెప్పిన చిన్న కోడ్‌లలో ఉండేది, ఎనిగ్మాలో కాదు, కాబట్టి హెచ్‌డబ్ల్యూ 5లో అది నేరుగా దొరుకుతుందని అనుకోవద్దు.

కాబట్టి ఆ రోజుకి మూడు చూడండి: హెచ్‌డబ్ల్యూ 5, తీరంలోని స్క్వాడ్రన్ల ఏఐఆర్ 27 (గుర్తు తెలియని విమానం కోసం ఫైటర్లని లేపారా అని), నష్టాల జాబితా. ఈ మూడింటిలోనూ ఏమీ లేకపోతే "నిఘా జరిగినట్టు ఆధారం దొరకలేదు" అని రాయండి, అంతకు మించి వద్దు. ఫిబ్రవరి కాబట్టి ఎస్కార్ట్ ఓడల లాగ్‌లో ఆ రోజు మబ్బు ఎత్తు, కనుచూపు దూరం ఎంతో కూడా పక్కన పెట్టుకోండి, లాగ్‌లు ఏడీఎం 53లో ఉంటాయి, చిన్న ఓడలవి చాలా వరకు ఉంచలేదు గానీ డిస్ట్రాయర్‌కి కూడా దొరక్కపోతే తీరంలోని ఆర్‌ఏఎఫ్ స్టేషన్ డైరీ ఏఐఆర్ 28లో చూడండి.